పేషెంట్ అనే మాట

ఆడవాళ్ళ వార్డులో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్న ఆయాని అందరూ పెద్దక్క అనేవారు. దుప్పట్లు మార్చడం, మలం గిన్నెలు ఎత్తడం, సూదికి జడిసేవాళ్ళ చెయ్యి పట్టుకోవడం ఆమె పని. అక్షరమ్ముక్క రాదు గానీ పేషెంట్ అన్న మాట రోజుకి వందసార్లు నోట్లో నలిగేది.

తుంటి విరిగి మూల మంచంలో చేరిన ఇంగ్లీషు టీచరమ్మ ఒక మధ్యాహ్నం అడిగింది.

"ఆ మాటకి అర్థం తెలుసా పెద్దక్కా?"

"తెలియకేం? జబ్బు మనిషి."

"అసలర్థం బాధ భరించేవాళ్ళు అని. లాటిన్ అని పాత భాష ఉందిలే, అందులోంచి వచ్చింది. ఓర్పుని పేషెన్స్ అంటారే, అదీ ఇదీ ఒక కడుపున పుట్టినవే."

పెద్దక్క పకపకా నవ్వింది. "ఆ పేరు పెట్టినవాడు మంచమ్మీద పడుకున్నవాడు కాదు టీచరమ్మా. పక్కన నిలబడి చూసినవాడు."

నవ్విందే గానీ, పొట్టలో కలుక్కుమని మంచం కమ్మీ పట్టుకుంది. ఆ నొప్పి అప్పటికి ఏడు నెలలది. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని భయం. మొగుడు వదిలేసిన కూతురికి తనే దిక్కు. పళ్ళ బిగువున నెట్టుకొస్తోంది.

"ముఖం పీక్కుపోయింది, డాక్టరుకి చూపించుకో" అని టీచరమ్మ రెండుసార్లు పోరింది.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నా" అని తప్పించుకుంది.

నెల తిరక్కుండానే దుప్పట్ల మూటతో మెట్ల మీద కుప్పకూలింది. స్కాన్ తీస్తే పొట్టలో కాన్సర్, అప్పటికే కాలేయం దాకా పాకిందని తేలింది. కోసినా లాభం లేదన్నారు.

"రోజూ మా కళ్ళముందే తిరుగుతూ ఒక్క మాట చెప్పకూడదూ?" అంది డాక్టరమ్మ.

"మీరూ అడగలేదు కదమ్మా."



పెద్దక్కకి తను పనిచేసిన వార్డులోనే మంచమిచ్చారు. మూడో రోజు నొప్పికి తాళలేక కేకలు పెట్టింది. కూతురు సిగ్గుతో ముడుచుకుపోయి, "అందరూ చూస్తున్నారమ్మా, కాస్త ఓర్చుకో" అంది.

"చూడనీ. ఓర్చుకున్నది చాలు. వెళ్ళి నర్సుని పిలువు."

కూతురు కదల్లేదు. మూల మంచంలోంచి టీచరమ్మే గొంతు చించుకుని పిలిచింది. నర్సు వచ్చి సూది వేసింది.

ఆ తర్వాత పెద్దక్క పదకొండు రోజులే బతికింది. నొప్పి వచ్చినప్పుడల్లా అడిగి మరీ సూది వేయించుకుంది. విసుక్కున్న నర్సులున్నారు, విననట్టు పోయినవాళ్ళున్నారు. అయినా అడగడం మానలేదు. చివరి రెండు రోజులు గొంతు పెగలకపోతే, కూతురే లేచి వెళ్ళి అడిగింది.