కట్టకు ఒకటి

చుట్టేటప్పుడు కట్టకు ఒక బీడీ వంకరగా వస్తుంది. ఆకు మరీ ఎండిందైతే రెండు. భూదవ్వ దాన్ని చూడకుండానే చాట అంచు కింద పెడుతుంది. చెయ్యి దానంతట అదే పోతుంది, వస్తుంది. కార్ఖానావాళ్లు తీసుకోని ఆ బీడీలు భర్త సాయిలువి. ముప్పై ఏళ్లుగా అంతే. సాయిలు చనిపోయి ఏడాది దాటినా ఆ చెయ్యి ఆగలేదు.

సాయిలు తాపీ మేస్త్రీ. ఎల్లారెడ్డిలో పని దొరకని నెలల్లో మహారాష్ట్ర దిక్కు సముద్రం ఒడ్డుకు పోయేవాడు. అక్కడ లాడ్జీలు కడుతున్నారు. ఆ ఒడ్డున ఇసుకలో ఉడుకునీళ్ల ఊటలున్నాయి. పని దిగాక గుంట తవ్వుకుని, కాళ్లు అందులో పెట్టుకుని ఇంటికి ఫోన్ చేసేవాడు.

“మోచేతి లోతు తవ్వితే సాలు, ఉడుకునీళ్లు ఊరుతయి. నీ వేళ్లు గిందుల పెడితే తిమ్మిరి పోతది. దసరా కాంగనే తీస్కొస్త.”

“నేను ఆడికొస్తె ఈడ చాట ఎవరు పడ్తరు?”

“చాట గూడ తెచ్చుకో. సముద్రం వద్దంటదా?”

శ్రావణంలో జ్వరం వచ్చింది. మూడు రోజుల్లో పోయాడు. వానలకు ఘాట్ రోడ్డు తెగింది. శవం రాలేదు, ఆమె పోలేకపోయింది. వెంట పనిచేసే భిక్నూర్ యేసుబాబు అక్కడే దహనం చేయించాడు. మూడో రోజు భూదవ్వ ఫోన్‌లో చెప్పినట్టే ఆకులో అన్నం, కూర, ఒక బీడీ పెట్టి ఒడ్డున ఉంచాడు. పోయినవాడి మనసు నిండితే పిట్ట వచ్చి ముడుతుంది. పొద్దు గూకేదాకా ఏ పిట్టా ముట్టలేదు.

“బీడీ యాడిది పెట్టినవ్?” అని అడిగింది భూదవ్వ.

“దుకాణంల కొన్న, వదినె.”

ఆ మాట ఆమెలో ఉండిపోయింది. ఈ ఏడాది పెత్రమాసకు, పెద్దల అమావాస్యనాడు, ఇంటిమీద అన్నం పెట్టినా కాకి రాలేదు. దసరా వెళ్లగానే మంచి ఆకులు ఏరి, తడి గుడ్డలో చుట్టి, ఒక్క వంకర లేకుండా ఒక కట్ట చుట్టింది. ఇన్నేళ్లలో ఆయనకు మంచి బీడీ ఇవ్వలేదన్న సంగతి కట్టకు దారం కడుతుంటే తెలిసింది.

తల్లి ఆ ఒడ్డుకు పోతానంటే పిట్లం నుంచి కూతురు సాయిలత వచ్చింది.

“ఒక్క కాకి కోసం గంత దూరమా అవ్వా? మా ఇంటిమీద ఇరవై ఉంటయి, పంపియ్యనా?”

“నీ కాకులకు మీ బాపు ఎరుకనా?”

ఇద్దరూ కామారెడ్డిలో రైలెక్కారు.

మర్నాడు మధ్యాహ్నానికి ఒడ్డు చేరారు. యేసుబాబు తన రేకుల గదిలో పొయ్యి ఖాళీ చేసి ఇచ్చాడు. భూదవ్వ అన్నం వండింది, మటన్ వండింది. ఊటల మీద సముద్రం పొంగి ఉంది. నీళ్లు వెనక్కి పోయేదాకా కూర్చున్నారు. పోయిన తర్వాత తడి ఇసుకలోంచి అక్కడక్కడ ఆవిరి లేచింది. జనం దిగారు. గుంటలు తవ్వుకుని, కాళ్లు పెట్టుకుని, పల్లీలు తింటూ నవ్వుకుంటున్నారు.

“అన్న ఇక్కడ కూసునేటోడు,” అని నల్లరాయి పక్కన ఒక చోటు చూపించాడు యేసుబాబు.

భూదవ్వ చేతులతోనే తవ్వింది. నీళ్లు ఊరాయి. పది వేళ్లూ అందులో పెట్టి చూసింది.

“సల్లగనే ఉన్నయి గదా.”

సాయిలత వేలు ముంచి వెంటనే తీసుకుంది. తల్లి చేతులు పట్టి బయటికి లాగింది. వేళ్లు ఎర్రగా కమిలిపోయాయి.

“కాలుతున్నయి అవ్వా. నీకు తెలుస్తలేదా?”

భూదవ్వ వేళ్ల కొనలు చూసుకుంది. అవి ఎప్పుడో మొద్దుబారాయి. ఇది ఆయనకు చెప్పలేదు. తిమ్మిరి అని మాత్రమే చెప్పింది.

రాయి మీద ఆకు పరిచింది. అన్నం పెట్టింది, మటన్ పెట్టింది. తన కట్టలోంచి ఒక బీడీ తీసి పక్కన పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి ఆయన పేరు పిలవబోయింది. నోరు తెరిచేలోపే కాకులు దిగాయి. మూడు, ఆరు, లెక్కలేనన్ని. తునకలు ఎత్తుకుపోయాయి. ఆకు చినిగింది. ఒక కాకి పక్క గుంటలో కూర్చున్న ఆవిడ చేతిలోని పల్లీల పొట్లం కూడా లాక్కుపోయింది. జనం నవ్వారు.

“ముట్టినయ్ అవ్వా,” అంది సాయిలత.

భూదవ్వ యేసుబాబు వైపు చూసింది. అతను అబద్ధం చెప్పలేకపోయాడు.

“పోయినేడు వానలకు ఇక్కడ కాకులే లేవు వదినె. ఇప్పుడు జనం వస్తున్నరు. ఎవరు పెట్టినా తింటయి.”

రాయి మీద బీడీ ఒక్కటే మిగిలింది. దాన్ని ఏదీ ముట్టలేదు.

యేసుబాబు గదిలోకి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చాడు.

“పాత గది ఖాళీ చేసినప్పుడు దూలం మీద దొరికింది.”

నిండా బీడీలు. అన్నీ వంకరవి. తాను కట్టిన దారాలను భూదవ్వ గుర్తుపట్టింది.

“అన్న పోయేనాటికే బీడీ తాగుడు బంద్ చేసి రెండేండ్లు అయింది. దగ్గు లేసేది. మరి ఊరికి పోయినప్పుడల్లా ఎందుకు తెస్తున్నవ్, వదినెకు వద్దని చెప్పరాదా అని అడిగిన.”

“ఏమన్నడు?”

“ఒక్కొక్కటి పక్కకు పెట్టినప్పుడల్లా నన్ను యాది చేస్తది, వద్దంటే ఇగ ఎప్పుడు యాది చేస్తదిరా, అన్నడు.”

భూదవ్వ డబ్బా మూత పెట్టింది. అది సరిగా పడలేదు. మళ్లీ తీసి పెట్టింది. సాయిలు కూర్చునే చోట కూర్చుని, గుంటలో కొన్ని సముద్రపు నీళ్లు కలుపుకుని కాళ్లు పెట్టింది. కాళ్లకు వేడి తెలిసింది. సముద్రం మళ్లీ పైకి వచ్చి ఆ గుంటను పూడ్చేదాకా ఆమె లేవలేదు.

తిరుగు రైలులో సాయిలత నిద్రపోయింది. భూదవ్వ డబ్బాను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఎల్లారెడ్డి చేరేసరికి సాయంత్రమైంది. డబ్బాను గూట్లో పెట్టింది.

మర్నాడు పొద్దున చాట ఒళ్లో పెట్టుకుంది. ఆకు మంచిది పడింది. మొదటి కట్టకు ఇరవై అయిదూ చక్కగా వచ్చాయి, ఒక్కటీ వంకర రాలేదు. ఆమె చెయ్యి చాట అంచు దగ్గరికి ఖాళీగా పోయి ఆగింది. కట్టలోంచి మంచి బీడీ ఒకటి తీసి అంచు కింద పెట్టింది. కట్టలో ఒకటి తక్కువైంది. ఇంకో ఆకు తీసుకుంది.