టర్బో తినగా మిగిలిన వేడి

ఆత్మకూరు డిపోలోంచి తెల్లవారుజామున మొదటి బస్సు బయటికొచ్చే వేళకు జయపాల్ వేపపుల్ల నములుతూ రోడ్డు పక్కన నిలబడి ఉండేవాడు. ముసురు పట్టినా జ్వరం వచ్చినా ఆ అలవాటు తప్పలేదు. బస్సు మలుపు తిరిగాక డ్రైవరు గేరు మార్చి యాక్సిలేటరు తొక్కుతాడు కదా, అప్పుడు వెనక గొట్టంలోంచి వచ్చే పొగను చూసేవాడు. నల్లగా ముద్దగా వస్తే డీజిలు ఎక్కువై గాలి చాలడం లేదు. నీలంగా వస్తే ఇంజను ఆయిలు తాగుతోంది. ఏమీ కనపడకపోతే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టో, తిండి చాలక నీరసించినట్టో. ఆ రెంటికీ తేడా పట్టడమే కష్టమనేవాడు. తెలిసిన డ్రైవర్లు బస్సు నెమ్మది చేసి, "నా నాడి ఎట్టుండాది డాక్టరూ?" అని ఎగతాళిగా అడిగిపోయేవాళ్లు. ఆ తర్వాతే అతను ఇంటికొచ్చి ముఖం కడుక్కుని బైబిలు తెరిచేది. వాక్యం కంటే ముందు పొగ చదివే విశ్వాసి మన సంఘంలో నువ్వొక్కడివే అని భార్య దెప్పేది.

జయపాల్ ఉదయగిరి పక్క పల్లెలో పుట్టాడు. ఏడో తరగతి దాకా మిషను బడిలో చదివి, పద్దెనిమిదేళ్లకు మద్రాసు వెళ్లాడు. అక్కడ ఇంజన్లు విప్పి బాగుచేసే పెద్ద షెడ్డులో తొమ్మిదేళ్లు పనిచేశాడు. ఆ షెడ్డులో డైనమోమీటరు ఉండేది. బాగుచేసిన ఇంజన్ను దిమ్మె మీద బిగించి, నీళ్లతో పనిచేసే బ్రేకు వేసి, దాని మీద భారం పెట్టేవారు. ఇంజను ఉన్నచోటే ఉండి కొండ ఎక్కినంత కష్టపడేది. షెడ్డు పెద్దమేస్త్రీ ఒక తమిళ ముసలాయన. భారం ఎంత, పొగ ఏ రంగు, పొగగొట్టంలో వేడి ఎంత, ఈ మూడూ కలిపి చదవాలని ఆయనే నేర్పాడు. భారం లేకుండా చూసిన ఇంజన్ను నమ్మవద్దన్నాడు. డీజిలు ఇంజనులో గాలి మిగులుంటే వేడి తక్కువ చూపిస్తుంది, డీజిలు ఎక్కువయ్యేకొద్దీ వేడి పెరుగుతుంది, ఆరువందల యాభై డిగ్రీలు దాటితే పిస్టన్లు బతకవు. షెడ్డు మూతపడ్డ రోజున ఆ ముసలాయన తన వేడి మీటరును తుండుగుడ్డలో చుట్టి జయపాల్ చేతిలో పెట్టాడు. గడియారమంత ముఖం, పొడుగాటి తీగ, తీగ చివర పెన్సిలంత ఊచ. అటువంటిది ఆత్మకూరులో మరొకరి దగ్గర లేదు.

ఆత్మకూరులో షెడ్డు పెట్టాక డైనమోమీటరు ఎక్కడిది? బండిలో ఎనిమిది ఇసుక మూటలు వేసి, ఉదయగిరి రోడ్డులో ఉన్న మిట్ట మీదికి మూడో గేరులో పూర్తిగా తొక్కించి, పక్క సీట్లో మీటరు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఆ మిట్టే అతని డైనమోమీటరు. ఆదివారం షెడ్డు తెరిచేవాడు కాదు గాని, దారిలో ఆగిపోయిన బండి కోసం ఎవరైనా వస్తే గుంటలో పడ్డ ఎద్దును విశ్రాంతి దినాన తీసినా పాపం కాదని బైబిల్లోనే ఉందంటూ సంచీ తీసుకుని బయలుదేరేవాడు.

ప్రతి ఆదివారం ఉదయగిరి మిషను గుడికి వచ్చేవాడు. ఆరాధన అయ్యాక కామమ్మ ఇంట్లో భోజనం. కామమ్మ అతనికి వరసకు అక్క. భర్త కొండలయ్యకు గొర్రెలు, కొంచెం మెట్ట పొలం. ఆమె తన కంచంలో తునకలు తీసి జయపాల్ కంచంలో వేస్తూ, ఊరికి పోయినోడివి, నీకు మన కూర దొరకదులే అనేది. ఆత్మకూరులో కూరలు దొరకవని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. కూతురు సుజన దుత్తలూరు బడిలో టీచరు.

తొంభై ఎనిమిదిలో ఉదయగిరిలో బాడుగ కార్లు నడిపే మల్లికార్జున ఒక టర్బో డీజిలు కారు కొన్నాడు. పాతదే గాని ఈ వైపు అదే మొదటిది. టర్బో అంటే ఇంజను వదిలిన పొగ ఊపుతో తిరిగే చిన్న చక్రం. అది తిరిగి బయటి గాలిని బలవంతంగా ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువ కాబట్టి డీజిలు కూడా ఎక్కువ మండించవచ్చు. కారు మిట్టల్లో లాగడం లేదని మల్లికార్జున జయపాల్ దగ్గరికి తెచ్చాడు.

వేడి మీటరు ఊచ ఎక్కడ దూర్చాలన్నది మొదటి ప్రశ్న. మద్రాసులో ఏ ఇంజనుకూ టర్బో లేదు. పొగగొట్టం మొదట్లో ఊచ పెడితే చాలేది. ఈ కారులో టర్బోకు ముందున్నది మందపాటి పోత ఇనుము. దాన్ని తొలిస్తే ఇనుపరజను పోయి టర్బో చక్రంలో పడుతుంది. టర్బో దాటాక ఉన్న గొట్టానికి మర బిరడా ఉంది, విప్పితే రంధ్రం సిద్ధం. జయపాల్ ఊచను అక్కడ బిగించాడు.

మిట్ట మీద మీటరు అయిదువందల ఇరవై చూపింది. పొగ లేదు. గాలి బోలెడు మిగులుంది, డీజిలు చాలడం లేదు అనుకున్నాడు. దిగి, డీజిలు ఇంకొంచెం వదిలేలా పంపు మీద స్క్రూ పావు చుట్టు తిప్పాడు. అయిదువందల అరవై. ఇంకో పావు చుట్టు. ఆరువందలు. పొగ పలచగా, బూడిదరంగులో. ఇంకా యాభై డిగ్రీలు చేతిలో ఉన్నాయి. అక్కడితో ఆపాడు. కారు మిట్టను ఎగిరి ఎక్కినట్టు ఎక్కింది. మల్లికార్జున స్టీరింగు మీద గుద్ది నవ్వాడు. ఆ మాట పాకి, జలదంకి నుంచి శీనయ్య తన టర్బో కారు తెచ్చాడు. దానికీ అదే రంధ్రంలో ఊచ, అదే ఆరువందలు.

మరుసటి ఏడు జూన్ నెల. వాన చుక్క లేదు. పొద్దున పది గంటలకు గొర్రెల దొడ్డి దగ్గర కామమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. ఊళ్లో డాక్టరు చూసి వెంటనే నెల్లూరు తీసుకుపొమ్మన్నాడు. మల్లికార్జున అడగకముందే కారు తెచ్చి వాకిట్లో పెట్టాడు. కొండలయ్య, సుజన, ఇద్దరు బంధువులు ఎక్కారు. మల్లికార్జున కాలు ఎత్తకుండా తోలాడు. ఆత్మకూరు ఇంకా పదిహేను కిలోమీటర్లుండగా మిట్ట మీద ఇంజను లోపల ఏదో చిట్లినట్టయింది. తెల్లటి పొగ కమ్మింది. కారు ఆగిపోయింది. మళ్లీ స్టార్టు కాలేదు.

ఆ ఎండలో గంటా నలభై నిమిషాలు. మేకలు తోలుకుపోతున్న ముసలమ్మ ఒకామె, ఓబమ్మ అని తర్వాత తెలిసింది, తన తాగే నీళ్లన్నీ ఇచ్చి, పైట చాపి కామమ్మ ముఖానికి నీడ పట్టి చేతులు దించకుండా నిలబడింది. మల్లికార్జున చెప్పుల్లేకుండా రోడ్డు వెంట పరుగెత్తి ఆత్మకూరు పోయే బస్సుకు అడ్డం పడుకున్నాడు. బస్సులో వాళ్లు వెనక సీటంతా ఖాళీ చేసి ఇచ్చారు. డ్రైవరు ఏ స్టాపులోనూ ఆపలేదు. అంతమంది మనుషులు తమ చేతనైనంత చేశారు. ఆత్మకూరు కనపడుతుండగా కామమ్మ సుజన ఒళ్లో పోయింది.

సమాధి దగ్గర జయపాల్ మట్టి వేశాడు, పాట పాడాడు. కారు ఎందుకు ఆగిందన్న మాట ఎవరూ ఎత్తలేదు. కల్తీ డీజిలు పడి ఉంటుందని మల్లికార్జున అనుకున్నాడు. నాలుగో రోజున కారును ట్రాక్టరుకు కట్టి షెడ్డుకు తెచ్చాడు.

జయపాల్ ఇంజను విప్పాడు. రెండు పిస్టన్ల నెత్తి పాకం పట్టిన బెల్లంలా కరిగి జారి ఉంది. ఒకదానికి వేలు పట్టే చిల్లు. ఆరువందల డిగ్రీలకు అట్లా కావడం అతను ఎక్కడా చూడలేదు. అంటే లోపల ఉన్నది ఆరువందలు కాదు. మీటరు చెడిందేమోనని ఊచను కాగే నీళ్లలో పెట్టి చూశాడు. సూది సరిగ్గా నూరు దగ్గర నిలబడింది. అప్పుడు టర్బో విప్పి, ఆ చక్రాన్ని అరచేతిలో పెట్టుకుని వేలితో తిప్పి చూశాడు. ఈ చక్రం దేని బలంతో తిరుగుతుంది? పొగలో ఉన్న వేడి బలంతోనే కదా.

సాయంత్రం మల్లికార్జున వచ్చాడు. జయపాల్ అతన్ని కూర్చోబెట్టి చెప్పాడు.

"టర్బో ఆ వేడిని తిని తిరగతాది మల్లీ. అది తినగా మిగిలిందే నా మీటరుకు కనపడింది. లోపల ఇంకా నూరో నూటయాభయ్యో ఎక్కువుండాది. కల్తీ డీజిలు కాదు. నేను ఊచ పెట్టిన చోటు తప్పు."

మల్లికార్జున చిల్లుపడ్డ పిస్టన్ను చేతిలోకి తీసుకుని చూశాడు. తిట్టలేదు. గుండె జబ్బు మనిషి, బండి నెల్లూరు చేరినా దక్కేదో లేదో అన్నాడు.

"దక్కేదో లేదో దేవుడికి తెలుసు. బండి ఆగిపోయింది మాత్రం నా చేతి వల్ల," అన్నాడు జయపాల్.

మల్లికార్జున పిస్టన్ను కింద పెట్టి వెళ్లిపోయాడు. వారం రోజులు షెడ్డు వైపు రాలేదు.

ఆ రాత్రంతా జయపాల్‌ను నిద్రపోనివ్వనిది చచ్చిన ఇంజను కాదు, తిరుగుతున్న ఇంజను. శీనయ్య కారు అదే ఆరువందల మీద నడుస్తోంది. పొద్దున మొదటి బస్సుకు జలదంకి పోయాడు. కారు తెచ్చి ఇస్తే ఊరికే సరిచేస్తానని, అందాకా బరువుతో మిట్టలెక్కించవద్దని, జరిగింది దాచకుండా చెప్పి బతిమాలాడు. శీనయ్య కారు బానెట్టు మీద చేయి వేసి నవ్వాడు.

"బస్సులను దాటిపోతా ఉండాది నా బండి. ఇప్పుడు దాని గొంతు నొక్కుతానంటావేంది? వాళ్ల బండి పాతది, పోయింది. షెడ్డులో గిరాకీ లేకపోతే చెప్పన్నా, ఇంకో రెండు బండ్లు పంపిస్తా."

రెండోసారి పోతే శీనయ్య ఇంట్లో లేడన్నారు. కారు గోడ పక్కనే ఉంది. మూడోసారి మల్లికార్జునను తోడు రమ్మని అడిగితే, తన బండి పోయిందన్న అసూయతో అంటున్నాడంటారని అతను రాలేదు. జయపాల్ ఒక్కడే పోతే శీనయ్య మళ్లీ నవ్వి పంపేశాడు. జూలై పదిహేనో తేదీన శీనయ్య పెళ్లివాళ్లను తొమ్మిది మందిని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు మీదుగా బద్వేలు పోతాడని టీ అంగట్లో తెలిసింది. అప్పటికి ఆరు రోజులే ఉంది.

మర్నాడు జయపాల్ దుత్తలూరు బడికి వెళ్లాడు. భోజనాల విరామం. సుజన వరండాలో కూర్చుని పలకలు దిద్దుతోంది. మామను చూసి లేచి, తన క్యారియరు మూతలో సగం అన్నం పెట్టి ముందుకు జరిపింది. అతను ముట్టుకోలేదు. నిలబడే అంతా చెప్పాడు. ఊచ ఎక్కడ పెట్టిందీ, ఎన్ని చుట్లు తిప్పిందీ, పిస్టన్లో చిల్లు ఎంతున్నదీ. తన మాటలు తనకే వినపడనంత మెల్లగా చెప్పాడు.

సుజన చేతిలో ఉన్న పలకను కింద పెట్టింది. తర్వాత అడిగింది.

"నాయనకు చెప్పినావా మామా?"

"నీకు చెప్పినాక పోదామని ముందు ఇట్ట వచ్చినా."

అతను చొక్కా జేబులోంచి ఇన్‌లాండు కవరు తీసి, చేతులకు ఆయిలు మరకలున్నాయేమోనని ఒకసారి చూసుకుని, పలకల పక్కన పెట్టాడు.

"నేను మూడుసార్లు పోయినాను, చెప్పినా శీనయ్య నమ్మలేదు. గిరాకీ కోసరం తిరగతా ఉండానంటాడు. నువ్వు రాస్తే చదవతాడు సుజనా. మీ అమ్మ ఆ మిట్ట మీద ఎంతసేపుండిందో, ఎట్ట పోయిందో రాయి. ఆ స్క్రూ తిప్పింది ఆత్మకూరు జయపాలేనని నా పేరు కూడా రాసి, కింద నీ సంతకం పెట్టు. అడిగే ముఖం నాకు లేదు. పదిహేనో తేదీ లోపల అందాల. రాసిస్తావా తల్లీ?"