అందరికీ ఫుట్‌బాల్ అన్న ఏడాది

ఆ కబురు మొదట నాకు చేరవేసింది మా ఇంటికి పాలు పోసే ఆమె. గుమ్మంలో పాలచెంబు దించకుండానే మొదలుపెట్టింది.

"అమ్మగోరూ, ఇన్నారా? ఐస్కూలు గ్రౌండులో ఆడగుంటల సేత ఫుట్టుబాలు ఆడిత్తారట! లాగులేసి!"

"ఎవరు చెప్పారే?"

"ఎవులో సెప్పడవేటి, రిక్షాకి మైకు కట్టి సెప్తన్నారు. మీ గుంటని బేగి పంపీయండి. ఇంట్లో గెంతి నా పాలు ఒలకబొయ్యడం అయినా తగ్గుద్ది."

మా ఇల్లు నర్సీపట్నంలో హైస్కూలు గ్రౌండు వెనకగోడని ఆనుకుని ఉండేది. మావారు తాలూకా ఆఫీసులో గుమస్తా. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. నా చదువంతా పెళ్ళికి ముందు మా నాన్నగారి దగ్గర, ఇంట్లోనే సాగింది. అందుకని గ్రౌండంటే నాకు గోడవతల నుంచి వచ్చే గోల మాత్రమే. డెబ్బైల చివరి రోజులవి.

మర్నాడు జిల్లా నుంచి ఒక ఆఫీసరు గారు వచ్చి షామియానా కింద మాట్లాడారు. దేశమంతటా, చిన్న ఊళ్ళలో కూడా, పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తారట. మగపిల్లలకే కాదట, ఆడపిల్లలకీ, ఏజెన్సీ పిల్లలకీ, కాలూ చెయ్యీ చెవీ కన్నూ సరిగ్గా లేని పిల్లలకీ కూడానట. బాగా ఆడినవాళ్ళని విశాఖపట్నంలో హాస్టల్లో పెట్టి, తిండీ చదువూ వాళ్ళే చూసుకుంటారట. "అందరికీ ఫుట్‌బాల్" అని ఆయన మళ్ళీ మళ్ళీ అన్నారు. వంటింట్లో నాకు ప్రతి మాటా వినిపించింది. ఎవరికి ఏ మంచి జరగబోతోందని తెలిసినా దేవుడికి దణ్ణం పెట్టుకోవడం నాకు చిన్ననాటి అలవాటు. పొయ్యి ముందే నిలబడి చేతులు జోడించాను.

మా అమ్మాయి ఆటలో చేరింది. లంగాని గోచీలా బిగించి గోలు కాసేది. లాగుల మాట మైకులోనే ఉండిపోయింది, గుడ్డ ఎవరూ పంపలేదు.

మాకు విస్తళ్ళు కుట్టుకునే అడ్డాకులు తెచ్చిపెట్టే కొండామె ఒకావిడ ఉండేది. కృష్ణదేవిపేట దాటి పైన ఎక్కడో వాళ్ళ ఊరు. ఆ ఏడు చింతపండు గొడౌనులో పని దొరికి, కూతుర్ని వెంటబెట్టుకుని మా వీధి చివర పాకలో దిగింది. ఆ పిల్లకి పుట్టుచెవుడు. మాట కూడా రాలేదు. బడిలో చేర్చుకోలేదు. ఒక సాయంత్రం ఆ పిల్ల ఆకుల కట్ట మా అరుగు మీద పడేసి, గోడ దూకి, ఆడుతున్న పిల్లల మధ్యలోంచి బంతిని కాలితో లాక్కుని వెళ్ళిపోయింది. ఎవరికీ అందలేదు. వెనకాల అరుస్తూ పరిగెత్తినవాళ్ళు ఆయాసంతో కూలబడ్డారు.

డ్రిల్లు మాస్టారు స్వయంగా మా అరుగు దగ్గరకొచ్చారు. "ఈ పిల్లని రోజూ పంపమ్మా" అన్నారు ఆ తల్లితో.

"దానికి ఇనపడదు బాబూ."

"బంతికి మాత్రం వినపడుతుందేంటమ్మా?"

ఆ తల్లి నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత కొంగు వదిలేసి నవ్వింది.

చిక్కల్లా విజిల్ దగ్గర వచ్చింది. మాస్టారు ఊదగానే అందరూ ఆగేవాళ్ళు, ఈ పిల్ల మాత్రం బంతితో వెళ్ళిపోయేది. మొదట్లో నవ్వారు. తర్వాత పిల్లలే ఒక పద్ధతి పెట్టుకున్నారు. క్లాసులో హాజరు పలికేటప్పుడు ఎత్తినట్టు, విజిల్ పడగానే ఎక్కడివాళ్ళక్కడ ఆగి కుడిచెయ్యి ఎత్తేవాళ్ళు. కంటికొసని ఒక్క చెయ్యి కనిపిస్తే చాలు, ఆ పిల్ల బంతిని తొక్కిపట్టి ఆగిపోయేది. ఎవరూ నేర్పలేదు వాళ్ళకి. అది ఎంత అలవాటైపోయిందంటే, మా ఇంట్లో కుక్కరు కూసినా మా అమ్మాయి చెయ్యి ఎత్తేది. "ప్రెజెంటేనా అమ్మా, పప్పు ఉడికిందిలే" అని మావారు ఏడిపించేవారు.

మధ్యలో ఆఫీసరు గారు ఒకసారి వచ్చి, ఆ పిల్లని పక్కన నిలబెట్టుకుని, భుజం మీద చెయ్యి వేసి ఫోటో తీయించుకున్నారు. ఆ పిల్ల ఫోటో అయ్యాక కూడా చాలాసేపు కదలకుండా నిలబడింది.

హాస్టలు పక్కనే చెవిటి పిల్లలకి సైగలతో పాఠాలు చెప్పే బడి ఉందని డ్రిల్లు మాస్టారు చెప్పిన దగ్గర్నుంచి ఆ తల్లికి వేరే ధ్యాస లేదు. ఆకులు దించేటప్పుడల్లా అదే మాట.

"తీసుకుంటారంటావా అమ్మగోరూ? ఎల్తే దానికి మాటొచ్చీసినట్టే గదా? నేను పోతే దీని గోడు ఎవులికి తెలుత్తాది సెప్పు."

సెలక్షను ముందు సోమవారం నేను బలిఘట్టం వెళ్ళి శివుడికి మొక్కుకున్నాను. నా కూతురి కోసం మొక్కలేదు. దానికి తండ్రి ఉన్నాడు, బడి ఉంది. ఈ పిల్లని తీసుకుంటే కొబ్బరికాయ కొడతానని మొక్కాను.

ఆ రోజు చోడవరం నుంచీ, యలమంచిలి నుంచీ ఆడపిల్లలు వచ్చారు. నేను కూడా మొదటిసారి గోడ చుట్టి తిరిగి వెళ్ళి, గ్రౌండులో ఆ తల్లి పక్కన నిలబడ్డాను. ఊళ్ళ పిల్లల్ని కలగలిపి రెండు జట్లు చేశారు. మా అమ్మాయి ఒక పక్క గోలు కాసింది, కొండపిల్ల అవతలి జట్టులో పడింది. ఆట మొదలవగానే విజిల్ పడింది. మా ఊరి పిల్లలందరూ చెయ్యి ఎత్తారు. ఆఫీసరు గారు ఆట ఆపించేశారు.

"ఏమిటిది? ఇది క్లాసా? చేతులెందుకు ఎత్తుతున్నారు?"

డ్రిల్లు మాస్టారు దగ్గరికెళ్ళి చెప్పారు. ఆయన పూర్తిగా వినలేదు.

"విజిల్ వినపడని పిల్లకి ఫుట్‌బాలేంటి మాస్టారూ?"

"అందరికీ అని తమరే సెలవిచ్చారు కదండీ."

"అది మీటింగు. ఇది సెలక్షను." పిల్లల వైపు తిరిగి గట్టిగా అన్నారు. "ఇంకోసారి చెయ్యెత్తినవాళ్ళు ఇంటికెళ్ళిపోవచ్చు."

మాస్టారు మళ్ళీ ఏదో అనబోతే, "ట్రాన్స్‌ఫరు కావాలా?" అని నవ్వుతూ అడిగారు. మాస్టారు గీత బయటకొచ్చి నిలబడ్డారు.

ఈ మాటలేవీ ఆ పిల్లకి తెలియవు. బంతి అందింది. ఇద్దరిని దాటింది. విజిల్ పడింది. అందరూ ఆగారు. ఒక్క చెయ్యీ లేవలేదు. ఆ పిల్ల తల తిప్పి చూడటం నేను చూశాను, అటూ ఇటూ వెతికింది. చేతులు లేవు. అంటే ఆట నడుస్తోందని కదా అర్థం? ముందుకు వెళ్ళింది. ఎదురుగా గోలులో మా అమ్మాయి. రెండు చేతులూ లంగా మడతల్లో బిగించి పట్టుకుని నిలబడింది. బంతి దాని పక్కనుంచి వెళ్ళిపోయింది. గోలు కొట్టానని ఆ పిల్ల గెంతుతూ తిరిగింది. పై ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు విరగబడి నవ్వారు.

"ఓలమ్మో, సెవిటి మాలోకం! ఇంకో గోలెయ్యే!" అని ఎవడో కేకేశాడు.

మరికాసేపటికి మళ్ళీ అలాగే జరిగింది. ఆఫీసరు గారు లోపలికెళ్ళి, ఆ పిల్లని రెక్క పట్టుకుని గీత బయట వదిలారు. ఫోటోలో చెయ్యి వేసిన భుజమే అది.

సాయంత్రం పేర్లు చదివారు. మా ఊరి నుంచి మా అమ్మాయి పేరు వచ్చింది. ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని అడిగింది. "మా గుంటది సదివినారా అమ్మగోరూ? నాకు సరిగ్గా ఇనపడనేదు."

లేదని నేనే చెప్పవలసి వచ్చింది.

ఇంటికొచ్చాక మా అమ్మాయి అన్నం ముట్టలేదు. "నేనెత్తితే నన్నూ పంపేస్తారు కదమ్మా" అంది. పన్నెండేళ్ళ పిల్లని అంత లెక్క వేసుకునే చోట నిలబెట్టారు ఆ పెద్దలు. దాన్ని నేను ఏమనగలను? మావారు మాత్రం సంబరంగా, "దేవుడి దయ, వెళ్ళి కొబ్బరికాయ కొట్టిరా" అన్నారు. వెళ్ళాను, కొట్టాను. పూజారి గారు ఎవరి పేరు మీద అని అడిగితే మా అమ్మాయి పేరే చెప్పాను.

హాస్టలుకి పెట్టె సర్దుతున్న రోజున ఆ పిల్ల మా ఇంటికొచ్చింది. గొడౌను పని అయిపోయి, వాళ్ళు కొండకి వెళ్ళిపోతున్నారు. మా అమ్మాయి ఎదురుగా నిలబడి తన కుడిచెయ్యి పైకెత్తింది. తర్వాత దించింది. తర్వాత అరచెయ్యి తిప్పి, ఎందుకని అడిగింది. కోపం లేదు ఆ మొహంలో, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆఫీసరు అన్న మాటలు సైగల్లో చెప్పడానికి మా అమ్మాయి చాలా అవస్థ పడింది. అర్థమయిందో లేదో నాకు తెలియదు. పెట్టెలో మడతపెట్టిన కొత్త లాగుని ఆ పిల్ల వేలితో తాకి చూసి, తల్లి వెనకాల వెళ్ళిపోయింది. తర్వాత మాకు అడ్డాకులు వేరే ఆమె తెచ్చేది. ఆ పిల్లకి మనువు చేసి దూరం ఊరు పంపేశారని ఆమె చెప్పింది. "మాట రాని గుంట, అత్తోరికి అదే బాగుంది" అని కూడా అంది.

మా అమ్మాయి కొన్నేళ్ళు ఆడింది. ఆ ఆట పేరు మీదే ఉద్యోగమూ వచ్చింది. నాకు దక్కినవాటికన్నిటికీ నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఈ ఒక్కదాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా దణ్ణం చేదుగా ఉంటుంది. ఎనభైల్లో మళ్ళీ మైకు తిరిగింది, మళ్ళీ షామియానా వేశారు, మళ్ళీ అందరికీ అన్నారు. నేను వంటింటి కిటికీ మూసుకున్నాను.

ఆ ఆఫీసరు గారి మాటలు అప్పటి పేపర్లో పడ్డాయి. ఆ పిల్ల ఆట ఎక్కడా పడలేదు. ఇది చదివినవారు ఒక్క పని చేసిపెట్టండి. నర్సీపట్నంలో అందరికంటే బాగా ఫుట్‌బాల్ ఆడిన పిల్ల ఒకతె ఉండేదని, కొండ నుంచి వచ్చి కొండకే వెళ్ళిపోయిందని, ఆమెని ఒకసారి తలుచుకోండి.