బిందెలతో పోసిన జలపాతం

హోసూరులో కంప్యూటర్ మీద ఫోటోలు దిద్దేవాడికి ఆ రోజుల్లో ఉన్న మర్యాద ఇప్పుడు డాక్టరుకు కూడా లేదు. పెళ్లికి అలిగి రాని మేనమామను ఏ పాత ఫోటోలోంచో కత్తిరించి తెచ్చి గ్రూపు ఫోటోలో నిలబెట్టేవాళ్లం. (అలకను దిద్దడం మాత్రం కుదిరేది కాదు, మొహంలో అలాగే ఉండిపోయేది.) ఎనిమిదో తరగతిలోనే నేనూ బడీ దండాలు పెట్టుకుని విడిపోయాం కనుక, ఎవరైనా ‘సార్’ అంటే నా వెనక ఎవరున్నారా అని తిరిగి చూసేవాణ్ని. స్టూడియోకు కంప్యూటర్ వచ్చాక అలా చూడడం మానేశాను. అప్పుడే బాగలూరు నుంచి మా మేనత్త కబురు పంపింది, కెమెరా పట్టుకుని రమ్మని.

అత్తా మామా గులాబీలు పండించేవాళ్లు. ఒకసారి ఏదో కంపెనీ గెస్ట్‌హౌస్‌కు పూజకు పూలు ఇవ్వడానికి పోయిన అత్త, జపాను ఇంజనీర్ల కోసం అక్కడ వేసిన తోట చూసింది. “ఆడ ఒక్క పువ్వు లేదప్పా. ఉత్త రాళ్లు, నాచు, నీళ్లు. అయినా లేచి రాబుద్ధి కాలేదు” అంది నాతో. పూల మధ్యే పుట్టి పెరిగిన మనిషి పువ్వు లేని తోటను మెచ్చుకుంది చూడండి, అక్కడే నేను ఆమెకు సగం దాసోహమయ్యాను. మిగతా సగం ఆమె కట్టిన తోట చూశాక. కృష్ణగిరి క్వారీల్లో పనికిరావని పారేసిన గ్రానైట్ ముక్కలను ట్రాక్టర్లో తెప్పించి, పొలం మూలన గుట్టగా పేర్చింది. కింద చిన్న కొలను, పక్కన వెదురు వంతెన. ఒక రాయి పెట్టడం, దూరంగా పోయి తల పక్కకు వాల్చి చూడడం, మళ్లీ వచ్చి ఆ రాయి తీసేయడం. బోరు నీళ్లు పైపులో పైకెక్కి ఆ రాళ్ల మీంచి జారుతుంటే, మోటారు చప్పుడు కూడా మర్యాదగా తగ్గినట్టుండేది.

పెళ్లి జంటలు ఫోటోలు తీయించుకోవడానికి ఈ తోటకు వస్తాయని అత్త ఆశ. ఆ మూల క్యాబేజీ వేయాలని మామ పట్టు. వైశాఖ ముహూర్తాలు అయిపోయేలోపు ఒక్క జంటైనా రాకపోతే గుట్ట పెరికేస్తానని గడువు పెట్టేశాడు. అందుకని రోడ్డు మీద పెద్ద బోర్డు కట్టాలి, బోర్డు మీద జలపాతం ఉండాలి, ఆ జలపాతాన్ని నేను తీయాలి.

నేను పోయిన రోజున ఎండ బంగారంలా ఉంది, జలపాతం మాత్రం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది, లైన్‌మన్ వారమన్నాడు. ముహూర్తాలేమో దగ్గర పడ్డాయి. అత్త ఒక్క క్షణం కూడా దిగులు పడలేదు. పూలు కోసే ఆడవాళ్లను పిలిచి, బిందెలిచ్చి గుట్ట వెనక వరసగా నిలబెట్టింది. ఒకామె దబ్బున కుమ్మరించింది, ఇంకొకామె అభిషేకంలా చుక్కలు చుక్కలు పోసింది, మూడో ఆమె ఫోటో పడిందా అని తల పైకెత్తి అడిగింది. గట్టు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న మామకు చివరికి ఓపిక పోయింది.

“జలపాతమా ఇది? ఎనుముకు నీళ్లు పోస్తా ఉండారా?” అంటూ గుట్టెక్కి బిందె లాక్కున్నాడు.

తర్వాత ఆయన పోసిన పోత ఉంది చూశారూ, గాజు పలకలాగా జారింది. కింద కొలను సగానికి సగం కదలనే లేదు. పెరికేస్తానన్న తోటకే ఆ మనిషి అంత ఒద్దికగా నీళ్లు పోస్తుంటే, రాళ్ల వెనక కనబడకుండా వంగి కూర్చో మామా అని చెప్పడం మరిచిపోయి నేను బటన్ నొక్కేశాను.

ఆ నెగటివ్‌ను స్కాన్ చేసి మామను తీసేయడం మొదలుపెట్టాను. పక్క రాయిని తెచ్చి ఆయన కాళ్ల మీద, ఆకులు తెచ్చి బిందె మీద, ఆకాశం తెచ్చి తలగుడ్డ మీద అతికించాను. ఎంత శుభ్రంగా పోయాడంటే నాకే కొంచెం భయమేసింది. బోర్డు కట్టాక ఊరంతా మెచ్చుకుంది. రెండు రోజులకు అత్త ఫోన్ చేసింది, మీ మామ బోర్డు ముందే నిలబడిపోయినాడు, అన్నానికి కూడా రాలేదు, వచ్చి చూడమని.

నేను వెళ్లేసరికి మామ మెడ వంచి, దాదాపు తలకిందులుగా బోర్డును చూస్తున్నాడు. “ఈడ ఎవరప్పా?” అన్నాడు, కొలను మీద వేలు పెట్టి. మామే. తలగుడ్డ, ఎగ్గట్టిన లుంగీ, చేతిలో బిందెతో సహా కొలనులో తలకిందులుగా నిలబడి ఉన్నాడు. గుట్ట మీద మనిషిని తుడిచేశాను, నీళ్లలోని నీడను వదిలేశాను. ఆయన అంత నెమ్మదిగా పోయకపోయుంటే నీళ్లు కదిలి ఆ నీడ చెదిరిపోయుండేది.

“ఒక తామరాకు అతికించేస్తాను మామా” అన్నాను నీరసంగా.

మామ బోర్డు మీంచి వేలు తీసి, మెడ సరిచేసుకున్నాడు. “వద్దులే, ఉండనీ” అన్నాడు. “నీళ్లు బాగా పడినాయి గదా?”

“బాగా పడినాయి మామా.”

“క్యాబేజీ నారు ఆ పక్క మడిలో వేసుకుంటానని చెప్పు మీ అత్తకు.”

అత్త మా వెనకే నిలబడి ఉంది. అయినా నేను తిరిగి, ఆ కబురు మొదటినుంచీ చెప్పాను.

“సరేనని చెప్పప్పా” అంది అత్త, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

ఆ వైశాఖంలోనే జంటలు వచ్చాయి. ఏ జంటా కొలనులో మామను కనిపెట్టలేదు. ఇప్పుడు ఫోన్లో వేలితో గీస్తే మనుషులు నీడలతో సహా మాయమైపోతున్నారు, నాకు మాత్రం కళ్లజోడు వచ్చింది. బోర్డుకు బొమ్మ దిద్దడం పూర్తయిన రోజున స్టూడియోలో కుర్చీ వెనక్కి వాల్చి, ఎక్కడా అతుకు కనబడలేదని తన్ను తానే మెచ్చుకున్న కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడి పనితనం అంతటిలోనూ ఒకరికి పనికొచ్చింది, వాడు తుడవడం మరిచిపోయిన ఆ జానెడు నీడే.