జయమ్మ కొంగున కట్టిన బిళ్ల

జయమ్మక్క మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. తలుచుకుంటే జాలేస్తుంది, అయినా కోపం కోపమే.

ఎమ్మిగనూరు పక్కన మా పల్లెలో నేను బట్టలు కుట్టుకుంటాను. ఆమెది మా ఎదురిల్లు. మొగుడు తిమ్మన్న, కూతురు ఇందు, వాన పడితేనే పండే కాస్త చేను. ఏటా జనవరిలో ఇంటికి తాళమేసి గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోతారు. మా వైపు దాన్నే సుగ్గికి పోవడం అంటారు. రెండేళ్లుగా ఇందు కూడా వాళ్లతో పోయి ఆ నెలలు బడికి దూరమైంది. ఈసారి పదో తరగతి. పిల్ల పరీక్ష రాసి తీరాలని జయమ్మక్క పంతం. "నా మాదిరి అదీ ఏలిముద్ర ఎయ్యకూడదు సబా" అనేది నాతో.

తొలకరికి నలుగురితో కలిసి జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతకడానికి పోయింది. రాళ్లు ఏరి ఏరి నడుం పడిపోయింది గానీ వజ్రం కనబడలేదు. కనబడింది ఒక పచ్చటి బిళ్ల. ఎర్రమట్టి గట్టిగా పట్టి ఉంది, ఉబ్బెత్తుగా ఉన్న ముఖం మాత్రం మెరుస్తోంది. అసలే బంగారం ఉందని పేరుపడిన నేల. రాజుల కాలం నాటి బంగారు మొహరీ అనుకుంది. అక్కడ ఏది దొరికినా పక్కవాడికి చెప్పరు. పైగా నిధి దొరికిందంటే పోలీసులు పట్టుకుపోతారని భయం. మొగుడికీ చెప్పలేదు, చదువుకున్న కూతురికీ చూపలేదు. అరిగిపోతుందని కడగను కూడా కడగలేదు. కొంగున ముడేసుకుని, ఊళ్లో వజ్రాల మాటలు చల్లబడ్డాక అమ్ముదామని కూర్చుంది.

దసరా ముందు, కూలీలను సుగ్గికి తోలుకుపోయే మేస్త్రి దేవేంద్ర వచ్చాడు. మొగుడూ పెళ్లాలకు అడ్వాన్సు ఇస్తానన్నాడు. ఇందు మా ఇంట్లో ఉండి చదువుకునేలా నేనే మాట్లాడి పెట్టాను. జయమ్మక్క తల అడ్డంగా ఊపింది. "ఈ యేడు మేము రాము. ఆడపిల్లను ఒకరింట్లో ఇడిసిపెట్టి పోయే కర్మ మాకేంటికి?" అంది. నాకు ఒళ్లు మండింది. ఏం చూసుకుని ఈమెకింత మిడిసిపాటు అనుకున్నాను.

తీసే వేళ కురిసిన వానకు వాళ్ల చేలో పత్తి నల్లబడింది. ఆదోని యార్డులో ఎవరూ సరైన ధర పెట్టలేదు. విత్తనాల అంగడాయన బాకీ కట్టమని ఇంటి ముందుకొచ్చి అరిచి పోయాడు. తిమ్మన్న సిగ్గు విడిచి దేవేంద్ర కాళ్లావేళ్లా పడ్డాడు. "మనుషులు నిండిపోయినారప్పా. ముగ్గురుండే ఇల్లొకటి ఎనక్కి పోయింది. ముగ్గురొస్తారా, రాండి, ఇద్దరైతే వద్దు. రేపు పొద్దున్నే లారీ" అన్నాడు దేవేంద్ర. ముగ్గురంటే ఇందూ పోవాలి.

అప్పుడు వచ్చింది జయమ్మక్క మా ఇంటికి. తలుపేసి కొంగు ముడి విప్పింది. జొన్నగిరిలో దొరికిందని, దాన్ని నమ్ముకునే దసరాకు దేవేంద్రను పంపేశానని చెప్పింది. "మీ మామ పాత బిళ్లలు కొంటాడు గదా, పోదాం రా" అంది. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఉచితమే. ఆదోని చేరేదాకా కొంగు పిడికిట్లోనే పట్టుకుంది.

హబీబ్ మామ బిళ్లను బ్రష్షుతో రుద్దాడు, అద్దం పెట్టి చూశాడు. "యాడ దొరికెనమ్మా ఇది?"

"ఎంతొస్తుందో సెప్పన్నా ముందు."

"ఇది అమెరికా డాలరు. రెండువేలో సంవత్సరం అచ్చేసినారు, కోట్లు కోట్లు. రంగే గానీ ఇందులో బంగారం లేదమ్మా."

ఆమె నమ్మలేదు. మామ ఓపిగ్గా డబ్బా తెరిచాడు. మంత్రాలయం వచ్చే భక్తుల దగ్గర నుంచి అంగళ్లకు చేరిన అమెరికా చిల్లర అది. చిన్న బిళ్ల పది సెంట్లు, దానికంటే పెద్దది ఐదే సెంట్లు అని చూపించాడు. "సైజు చూసి మోసపోకూడదు. పంతొమ్మిది వందల అరవై నాలుగు దాకా వచ్చిన పది సెంట్లలో, పావలా డాలర్లలో ఎండి ఉంటుంది. ఆ తర్వాత వాటికి అంచులో రాగి గీత కనిపిస్తుంది. నీదానికి ఆ దేశంలో ఒక డాలరే. ఈడ బ్యాంకులు చిల్లర తీసుకోవు. డెబ్బై రూపాయలిస్తా."

జయమ్మక్క బిళ్ల మీద వేలు పెట్టింది. మట్టి పోయాక బొమ్మ తేటగా కనిపిస్తోంది. బిడ్డను వీపున కట్టుకుని వెనక్కి తిరిగి చూస్తున్న ఆడమనిషి.

"ఎవరన్నా ఈమె?"

మామకు తెలియదు. నేను ఫోన్లో వెతికి చదివాను. ఆ దేశపు ఆదివాసీ పిల్ల, పసిబిడ్డనెత్తుకుని తెల్లదొరల వెంట దుబాసీగా వేల మైళ్లు నడిచిందట.

"కూలి ఎంతిచ్చినారంట?"

"ఆమెకేం ఇవ్వలేదంటక్కా. మొగుడికిచ్చినారంట."

"బిడ్డ?"

"ఆ దొరల్లో ఒకాయన చదివించినాడంట."

"అట్లయితే ఆమెకు కూలి ముట్టినట్లే" అంది జయమ్మక్క. అని అంగడి మెట్ల మీద కూలబడి, బజారంతా చూస్తున్నా ఆగకుండా, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. "నేనే పాడు సేసినా సబా. దసరాకు సరే అనుంటే అది మీ ఇంట్లో సదువుకునేది." ఆమెను తిడదామని బస్సులో పేర్చుకున్న మాటలన్నీ వదిలేసి, ఆమెను లేపి బస్టాండుకు నడిపించాను.

పొద్దున్నే లారీ వచ్చింది. తిమ్మన్న మూటలు ఎక్కించాడు. ఇందు యూనిఫాం చున్నీ తలకు చుట్టుకుని నిలబడింది. దేవేంద్ర పేర్లు రాసుకుంటూ పిల్లను ఎగాదిగా చూశాడు.

"ఇది బడిపిల్ల గదమ్మా. దీనికి సగం కూలే రాసుకుంటా."

జయమ్మక్క ముందుకొచ్చింది. కూతురి రెండు చేతులూ పట్టుకుని అతని ముందు తిప్పి చూపించింది.

"సగమేంటికప్పా? రెండేండ్లుగా కోస్తాంది. నాకంటే బిరీన కోస్తుంది. బడిపిల్ల కాదు, కూలిదే. నిండా రాసుకో."

దేవేంద్ర సరేనని నిండు కూలి రాసుకున్నాడు. ఇందు చేతులు వెనక్కి తీసుకుని లారీ ఎక్కింది.