గుమ్మడికాయతో లెన్స్ కొన్న వీరప్ప

జహీరాబాద్ ఫోటోగ్రాఫర్ వీరప్పకున్న అలవాటు ఒక్కటే. కెమెరా కంటికి ఆనిందంటే వెనక్కి నడుస్తాడు. ఎదురుగా పదిమంది నిలబడితే పదడుగులు, ఊరంతా నిలబడితే ఊరి అవతలికి. వెనకాల ఏముందో చూడడు. తన వీపు వైపు భూమి పరుపులా మెత్తగా ఉంటుందని, ఎక్కడ పడ్డా పట్టుకుంటుందని ఆయన నమ్మకం.

చాలాసార్లు పట్టుకుంది కూడా. రాయికోడ్ పెళ్లిలో పప్పు వండిన డేగిశా పట్టుకుంది. అప్పటికి చల్లారింది కనుక వీరప్ప దక్కాడు, పప్పు దక్కలేదు. చిరాగ్‌పల్లిలో ఒక గృహప్రవేశానికి వెళ్లి, ఇల్లూ ఇంటిల్లిపాదీ పట్టేదాకా వెనక్కి నడిచి ముంబై హైవే మధ్యలో తేలాడు. లారీ కీచుమని ఆగింది. డ్రైవర్ తిట్టడానికి కిందికి దిగాడు.

"ఎట్లనో దిగినవ్ కద అన్నా, జర పోయి వాళ్ల పక్కకు నిలబడు. ఎడమ దిక్కు బోసిగున్నది" అన్నాడు వీరప్ప, కెమెరా దించకుండానే.

ఆ ఫోటో ఇప్పటికీ ఆ ఇంటి గోడ మీద ఉంది. ఆ మీసాల చుట్టం ఎవరని అడిగితే ఇంటివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

వీరప్ప భార్య మహేశ్వరి స్టూడియోలో మూడు పనులు చేస్తుంది. కౌంటర్లో కూర్చుంటుంది, ఆల్బమ్‌లు తయారుచేస్తుంది, వీరప్ప పాంట్లకు వెనక అతుకులు వేస్తుంది. మూడో పనికే తీరిక చాలదు. కిందటేడు ఆయన ముచ్చటపడి ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొన్నాడు. దానికి కొంచెం మేరే పట్టే యాభై ఎమ్మెమ్ లెన్స్ ఒక్కటే తగిలించాడు. అంత పెద్ద కన్ను కొని, తలుపు సందులోంచి చూడటమేమిటో మహేశ్వరికి అర్థం కాలేదు.

"అందరు వైడ్ లెన్సులు కొన్నరు. ఉన్నకాడ నిలబడే ఊరంత పట్టుకుంటున్నరు. నీకేమైందయ్యా?"

"దాంతోని తీస్తే మనుషులు పాడైతరే."

"నువ్వు పడి పాడైతలేవా?"

"నేను పడితే మళ్ల లేస్త. ఫోటోల పాడైనోడు మళ్ల లేస్తడా?"

పిసినారితనానికి ఇంత అందమైన మాట తొడగడం ఈయనకే చెల్లిందనుకుని మహేశ్వరి సూదిలో దారం ఎక్కించింది.

అలాంటి వీరప్పను ఝరాసంగం పటేల్ విష్ణువర్ధన్ ఇంటి పెళ్లి గోడకు ఆనించింది. నిజంగానే గోడకు. పాత ఇంటి వాకిట్లో, చెక్క స్తంభాల ముందు, చుట్టపక్కాలంతా ఒకే ఫోటోలో రావాలి. వాకిలి ఇరుకు. ఎదురుగా ప్రహరీ.

"ఎనుకకు జాగ లేదు వీరప్పా" అన్నాడు పటేల్ స్టూడియోకి వచ్చి. "నువ్వు గోడ దుంకి అవతల కెళ్లి తీస్తవని నాకెరుక. అవతల మా దున్నపోతు ఉంటది. నీతోని కాదంటే చెప్పు, పట్నమోళ్లను పిలుస్త. పెద్దబిడ్డ పెండ్లికి వాళ్లే తీసిన్రు."

"పట్నమోళ్లు వద్దు బాపూ" అంది పక్కనే ఉన్న పెళ్లికూతురు సహస్ర. "ఈయననే తియ్యాలె. కని ఒక్కళ్లు గూడ తప్పొద్దు. మా ఎంకవ్వ సుత ఉండాలె."

తల్లి లేని సహస్రను ఎత్తుకుని పెంచిన పనిమనిషి ఎంకమ్మ. ఆ పేరు వినగానే వీరప్ప చేతిలోని చాయ్ గ్లాసు పెదాల దాకా వెళ్లి ఆగింది.

"ఎంకమ్మ వస్తదా?"

"నువ్వు మంచిగ తీస్తనంటె తీస్కొస్త."

"తీస్త" అన్నాడు వీరప్ప.

మర్నాడు పొద్దున మహేశ్వరి లేచేసరికి మొగుడు తలదువ్వుకుని, సంకలో పెద్ద గుమ్మడికాయతో నిలబడి ఉన్నాడు. వైడ్ లెన్స్ కొనడానికి హైదరాబాద్ పోదామన్నాడు. గుమ్మడికాయ ఎందుకంటే, లెన్స్‌ను అదే ఎంచుతుందన్నాడు. బస్సులో గుమ్మడికాయకు కిటికీ సీటు దొరికింది. మహేశ్వరికి దొరకలేదు.

కెమెరా దుకాణంలో కుర్రాడు ముందు గుమ్మడికాయకే నమస్కారం పెట్టాడు. "దిష్టికాయనా అంకుల్? మేం నిన్ననే కట్టినం."

"దిష్టికి కాదు తమ్మీ. ఇది మనిషి తలకాయ."

ఈసారి వెనక్కి నడిచింది దుకాణం కుర్రాడు.

వీరప్ప గుమ్మడికాయను మహేశ్వరి చేతుల్లో పెట్టి, ఫోటో అంచుకు వచ్చేలా ఆమెను ఓ మూల నిలబెట్టాడు. ముందు అన్నిటికంటే వెడల్పుగా చూసే పద్నాలుగు లెన్స్‌తో తీశాడు. గుమ్మడికాయ అడ్డంగా సాగి సొరకాయైంది, మహేశ్వరి సోఫా అయింది. పదహారుతో తీస్తే సోఫా కాస్తా కుర్చీ అయింది. ఇరవైతో కుర్చీకి మనిషి పోలికలు వచ్చాయి. ముప్పై ఐదుతో అంతా చక్కగానే ఉంది కానీ, అందులో పటేల్ చుట్టాలు సగమే పడతారు.

"అందరు నడుమ చూస్తరు అంకుల్, బొమ్మ సాఫ్ ఉన్నదా లేదా అని. మీరేంది ఊకె మూల చూస్తున్నరు?"

"నడుమ నిలబడ్డోళ్లను ఏ లెన్సయినా మంచిగనే చూస్తది తమ్మీ."

చేతులు లాగుతున్న మహేశ్వరికి ఆ మాట చెవిన పడింది గాని, లోపలికి దిగలేదు.

ఆఖరికి ఇరవై నాలుగు వచ్చింది. అందులో గుమ్మడికాయ గుమ్మడికాయలానే ఉంది. పండగనాడు రెండు బూరెలు ఎక్కువ తిన్నట్టుంది, అంతే.

"అంచుల ఇంక జరంత బలుస్తరు" అని గొణిగాడు వీరప్ప.

"జరంతకు గుమ్మడికాయ ఏడ్వది. నా చేతులే ఏడుస్తున్నయి. కొను."

కొన్నాడు. తిరుగు బస్సులో గుమ్మడికాయను ఒళ్లో పెట్టుకుని దారి పొడుగునా ఒకటే ఆలోచన. "ఆ జరంత ఎవరికియ్యాలె?"

పెళ్లినాడు పటేల్ వాకిట్లో చుట్టాలు ఎప్పటిలాగే నిలబడ్డారు. పట్టుచీరలూ బంగారమూ నడుమ. అంచులకు పోయేకొద్దీ రంగులు వెలిసిపోతూ, చివరికి నీళ్ల బాన పక్కన, స్తంభం చాటున సగం ముఖంతో ఎంకమ్మ. సరిగ్గా నడిమధ్యన పెళ్లికూతురి మేనమామలు జగన్‌మోహన్, మదన్‌మోహన్. గాలి గట్టిగా వీస్తే ఒకరినొకరు పట్టుకోవలసినంత బక్కపలచటి అన్నదమ్ములు.

వీరప్ప వెనక్కి రెండడుగులు వేశాడు. గోడ వీపును తాకింది. జనం నవ్వడానికి సిద్ధమయ్యారు.

అప్పుడు వీరప్ప, కెమెరా చేతిలో ఉండగా జీవితంలో మొదటిసారి, ముందుకు నడిచాడు. నేరుగా నీళ్ల బాన దగ్గరికి.

"దా ఎంకమ్మా."

"నన్నిడిసిపెట్టు అయ్యా. పెద్దబిడ్డ పెండ్లిల పట్నమోళ్లు కొసకు నిలబెట్టి తీస్తే నా మొకం గుమ్మడికాయంత అయింది. పిలగాండ్లు ఫోన్లల్ల ఏసుకొని జహీరాబాద్ దాక తిప్పి నవ్విన్రు. గప్పటి సంది నేను ఫోటో దిగలే."

మహేశ్వరి చేతుల్లో ఆనాటి బరువు మళ్లీ కదిలింది. తాను మోసింది ఎవరి ముఖమో ఇప్పుడు తెలిసింది.

వీరప్ప ఎంకమ్మను తీసుకొచ్చి సహస్ర పక్కన నిలబెట్టాడు. మేనమామల వైపు తిరిగాడు. "మీరు జర ఆ కొసకొకరు, ఈ కొసకొకరు జరుగుర్రి."

"మేనమామలం. మమ్ములను మూలకు నూకుతవా?"

వీరప్ప గొంతు తగ్గించాడు. "ఈ లెన్స్ ముచ్చట మీకు తెల్వది సారు. కొసకు నిలబడ్డోళ్లు పైల్వాన్ల లెక్క వస్తరు. ఆ జాగ నేను అందరికి ఇయ్యను."

అన్నదమ్ములిద్దరూ చెరో కొసకు దాదాపు పరిగెత్తారు. పటేల్ ఏదో అనబోయాడు. కూతురి చెయ్యి అప్పటికే ఎంకమ్మ చేతిలో ఉంది. ఆయన మాట మింగి, పక్కకు జరిగి చోటిచ్చాడు.

క్లిక్‌మంది.

కెమెరా వెనక తెర చుట్టూ జనం మూగారు. "ఛాతి చూసినవా తమ్మీ" అన్నాడు జగన్‌మోహన్. "నా భుజాలు చూడు అన్నా" అన్నాడు మదన్‌మోహన్. ఇద్దరూ ఆ రోజంతా చేతులు కాస్త ఎడంగా పెట్టుకుని తిరిగారు.

ఎంకమ్మ చాలాసేపు చూసింది. తెరమీది తన ముఖాన్ని వేలితో తాకింది. నీటిబొట్టును తాకినంత మెల్లగా.

"గిది నేనేనా?"

"నువ్వే అవ్వా" అంది సహస్ర.

"మంచిగనే ఉన్న కదనే."

"ఇగ మా ఇంట్ల పట్నమోళ్ల ముచ్చట లేదు" అని పటేల్ అందరికీ వినపడేట్టు అన్నాడు. మేనమామలు ముందుగా తలలూపారు.

సామాను సర్దుతూ మహేశ్వరి అడిగింది. "గుమ్మడికాయ ముచ్చట ముందే చెప్తే ఏమైతుండె?"

"చెప్తే నేను గూడ ఆమె మొకాన్ని ఊరంత తిప్పినట్టే గదా." వీరప్ప పాత యాభై లెన్స్ బయటికి తీశాడు. "నిలబడు. నీదొకటి తీస్త."

"కొత్తది పెట్టరాదు? ఉన్నకాడ్నే తీయొచ్చు."

"నీ ఒక్కదానికి వైడ్ ఎందుకే?"

కెమెరా కంటికి ఆనింది. వీరప్ప వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. వెనకాల పెరుగు గంగాళం ఉంది. మహేశ్వరి అరవబోయి ఆగింది. ఇన్నేళ్లూ కొసన నిలబడ్డవాళ్ల కోసం పడ్డ మనిషి, ఒక్కసారి తన కోసం పడనీ అనుకుంది. కొంగు సర్దుకుని, హాయిగా నవ్వింది.