అప్పుడు నడుస్తున్న పాట

మా ఊరు చిట్కుల్ జనాలకు ముఖ్య ప్రకటన: పదిహేనేళ్ల తర్వాత నిన్న నా పాత వాక్‌మన్‌లో కొత్త సెల్లు వేశాను. పాడలేదు. ఈ కబురుకు పడీపడీ నవ్వాల్సిన బాయిలర్ మామ సోమవారం పోయాడు. మా పక్కింటాయన. మా ఫ్యాక్టరీలో బాయిలర్ చూసేవాడు.

మామ స్పానర్‌తో పైపు మీద తట్టి, చెవి ఆనించి, లోపల ఆవిరి ఎలా ఉందో చెప్పేవాడు. అందుకే నేను వాక్‌మన్‌తో చెవులు మూసుకుని తిరగడమంటే ఆయనకు భయం.

"గది చెవులకు పెట్టుకుంటే నువ్వు మాతోని ఉన్నట్టా, లేనట్టా?" అనేవాడు.

నిజమే. అంతకుముందు క్యాంటీన్ రేడియోలో పాటొస్తే అందరం కలిసి వినేవాళ్లం. వాక్‌మన్ వచ్చాక పొగగొట్టం కింద నేనొక్కణ్నే హీరోని. సెల్లు అయిపోయినా తీసేవాణ్ని కాదు. వినబడదనుకుని నన్ను తిట్టేవాళ్ల తిట్లన్నీ ఏరుకునేవాణ్ని.

ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది. షెడ్డులో గ్యాస్ లీకైంది. అందరూ గేటు దాటారు, నేను తప్ప. మామ తడి తువ్వాల మూతికి అడ్డం పెట్టుకుని వెనక్కొచ్చాడు. నా చెవుల మీది హెడ్‌ఫోన్లు పీకేసి, "సస్తవురా అల్లుడా, ఉరుకు!" అంటూ రెక్క పట్టి ఈడ్చుకెళ్లాడు. గేటు బయట నేను నిలబడ్డాను, ఆయన కూలబడ్డాడు. నన్ను పనిలోంచి తీసేస్తానన్న మేనేజర్‌కు దగ్గుతూనే చెప్పాడు: "వానికి వినవడలే సార్. పాటల ఉన్నడు."

ఆ దగ్గు మళ్లీ పోలేదు. మా ఇళ్లకు మధ్య ఒకటే గోడ. దగ్గు మొదలైతే భయం, ఆగితే ఇంకా భయం.

ఓసారి అడిగాడు: "గప్పుడు ఏం పాట నడుస్తుండెరా?"

నోటికొచ్చిన రాగమేదో తీశాను.

"మంచిగుంది. గిసొంటి పాటుంటే సైరన్ ఎట్ల వినవడ్తది!" అన్నాడు. తర్వాత పైపులు తట్టేటప్పుడల్లా అదే కూనిరాగం.

నిన్న అత్త పిలిచింది. "దినాల నాడు గా పాట పెట్టు బిడ్డా. మీ మామకు అదంటే పానం."

అటక మీంచి వాక్‌మన్ దించాను. అది పాడకపోయేసరికి బతికిపోయాననుకున్నాను.

"అయితే ఏంది? నువ్వే పాడు," అంది అత్త.

పాడలేను. ఈ ప్రకటన ముందు ఆమెకే చదివి వినిపిస్తాను. నేను కల్పించినవి రెండే: ఆ పాట, నాకు వినబడలేదని మామను నమ్మించడం. ఆ రోజు సెల్లు లేవు. సైరన్ ఉత్త పరీక్షే అనుకున్నాను. మామ గేటు దగ్గర్నుంచి పిలవడం విన్నాను. ఇంకాస్త బతిమాలించుకుందామని తల ఊపుతూ కూర్చున్నాను. మూడుసార్లు పిలిచాడు. నాలుగోసారి పిలవలేదు. ఓరగా చూశాను. నల్లా కింద తువ్వాల తడుపుకుంటున్నాడు.